పడవ ఆ గుట్టకే కావాలి

సరస్సు నిర్వహణాధికారి గారి సముఖమునకు,
జూడ్స్ ఫోర్క్ మాజీ నివాసుల సంతతికి చెందిన రీవా కట్‌షా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మే నెల మూడవ ఆదివారమున శ్మశానమునకు పోవుటకై తమ కార్యాలయము వారు ఏటా నడుపుచు, ఈ ఏడు నిలిపివేసిన పడవను తిరిగి నడుపుట గురించి, అదియును సరియైన గుట్టకు గాక, ఇన్నాళ్ళూ పోయిన తప్పు గుట్టకే నడుపుట గురించి.

సూచిక: తమ కార్యాలయము వారి నోటీసు. ముఖ్యముగా అందులోని "సంబంధము లేని వ్యక్తులు" అను మాట.

తమ సముఖమునకు ఈ క్రింది సంగతులు సవినయముగా మనవి చేసుకొనుచున్నాను.

1. జూడ్స్ ఫోర్క్ అనునది ప్రస్తుతము తమ సరస్సు అడుగున ఉన్న ఊరు. తమ కార్యాలయం గోడకున్న పటంలో ఆ చోట నీలం రంగూ, ఇక్కడ చేపలు పట్టుకోవచ్చని చెప్పే గాలం బొమ్మా ఉన్నాయి. ఆ గాలం కింద మా చర్చి ఉంది, పిండిమర ఉంది, మా అమ్మమ్మ ఓర్లీనా పుట్టిన ఇల్లుంది. ఊరంతటికీ ఒకటే వాగు. వాగు కిందవైపు మంచి మట్టి, అక్కడ మేము. పైవైపు రాళ్ళు, అక్కడ ప్రూయిట్లు. వాళ్ళని మేము పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు, "పై వాగు వాళ్ళు" అనేవాళ్ళం. ఆ మాట అనేటప్పుడు మా వాళ్ళ పెదవి ఒక పక్కకి వంగేదని కూడా రాయకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. మా చర్చిలో వాళ్ళకి వెనక బల్ల. మా శ్మశానంలో వాళ్ళకి చోటు లేదు. వాళ్ళ వాళ్ళని వాళ్ళు వేరే గుట్ట మీద పాతిపెట్టుకునేవారు.

యుద్ధం రోజుల్లో ఆనకట్ట కట్టారు. నీళ్ళొచ్చాయి. కింది వాగు, పై వాగు అన్న తేడా నీళ్ళు చూడలేదు. గుట్టల మీదున్నాయి కనక రెండు శ్మశానాలూ మిగిలాయి. వాటికి వెళ్ళే దారులు మాత్రం మునిగిపోయాయి.

2. మే మూడో ఆదివారం మాకు ఏమిటో తమరికి తెలియనిది కాదు. అయినా ఫైలులో ఉండవలె గనుక మనవి. సమాధి మీద ఒక్క గడ్డిపరక కనపడినా మాకు తలవంపు. పారలతో చెక్కేసి, మట్టిని మనిషి పొడవున పోగుపోసి, పైన పూలు పెడతాం. తోటలో పూసే పూలు కావు. చలికాలమంతా ఆడవాళ్ళు కూర్చుని ముడతల కాగితం కత్తిరించి, తీగకి చుట్టి, కరిగిన మైనంలో ముంచి ఆరబెట్టిన పూలు. వానకి తడిసినా ఆ పూలు చెడవు. తర్వాత అక్కడే సమాధుల మధ్య దుప్పట్లు పరుచుకుని భోజనాలు. వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, ఎండు ఆపిల్ పొరలు పొరలుగా పెట్టిన కేకు. మొదటి పళ్ళెం ఎప్పుడూ తమ పడవ నడిపే హాయ్ట్ గారికి.

మా సమాధుల మీద పేర్లుండవు. వాగులోంచి తెచ్చిన రాళ్ళు, తల దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి. ఏది ఎవరిదో అమ్మలకి తెలుసు, వాళ్ళు పిల్లలకి చెప్తారు. పేర్లు చెక్కించుకోవడం మర్చిపోయేవాళ్ళకి గానీ మనకెందుకు అని మా వాళ్ళ ధీమా. ఈ అర్జీ రాయవలసి వచ్చినది ఆ ధీమా వల్లనే.

3. నేను రాష్ట్ర విశ్వవిద్యాలయములో భూగోళశాస్త్రము చదివిన దానను. చదివి రెండు ఉద్యోగాలు మానేసి, ఇప్పుడు కౌంటీ లైబ్రరీలో సగం పూట పని చేస్తూ, మిగతా సగం పూట ఈ ఊరు వదిలి ఎక్కడికి పోదామా అని ఆలోచిస్తూ ఉంటాను. ఊళ్ళో నన్ను ఎవరూ ఏమీ అడగరు. అంత చదువు చదివిన పిల్లని ఏం అడగాలో వాళ్ళకి తెలియదు. ఈ మాట నా తప్పు తగ్గించుకోవడానికి రాయడం లేదు. నా తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తమరికి తెలియాలని రాస్తున్నాను.

అమ్మమ్మ తమ్ముడు హార్ల్ నాలుగేళ్ళవాడు, నీళ్ళు రాకముందు గొంతు జబ్బుతో పోయాడు. అప్పటికి అమ్మమ్మకి ఏడేళ్ళు. ఏటా చలికాలం పూలు చుడుతూ ఆ రోజు సంగతి చెప్పేది. తెల్లారి వాణ్ణి గుట్ట మీదికి తీసుకెళ్ళారట. రెండు మూపుల గాంట్ కొండ మధ్యలోంచి అప్పుడే పొద్దు పొడిచి గోతి తవ్వేవాళ్ళ కళ్ళలో కొట్టిందట. టోపీలు ముందుకి లాక్కుని తవ్వారట. ఈ కథ నేను ఊయల్లో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను.

పోయిన ఏడాదికి ముందటి ఏడు, భోజనాలయ్యాక, హాయ్ట్ గారు పడవ సిద్ధం చేస్తుంటే నేను గుట్ట మీద నిలబడి చూశాను. గాంట్ కొండ వెనక పొద్దు కుంకుతోంది.

పొద్దు పొడిచిన కొండ వెనకే పొద్దు ఎలా కుంకుతుంది? కొండ జరగదు. జరిగితే మేమే జరిగి ఉండాలి.

లైబ్రరీలో ఆనకట్ట కట్టకముందు గీసిన సర్వే పటం ఉంది. దాన్ని తమ సరస్సు పటం మీద పెట్టి చూశాను. మేము ఏటా దిగే గుట్ట గాంట్ కొండకి తూర్పున ఉంది, పాత పటంలో దాని మీద "ప్రూయిట్" అని ఉంది. మా చర్చి శ్మశానం కొండకి పడమర, నీటిపాయ అవతల, ఈ రోజుకీ పొదల్లో ఉంది. నీళ్ళొచ్చిన నాలుగేళ్ళకి మొదటి పడవ వేసినప్పుడు మా వాళ్ళు దిగవలసిన చోట దిగలేదు. ఆ రోజు బాగా మంచు పట్టిందట. చెట్లు పెరిగిపోయాయి, వాగు లేదు, గుర్తులు లేవు. రెండు గుట్టల మీదా దేవదారులున్నాయి. ఎవరో "అదిగో మన దేవదారులు" అన్నారు, అందరూ దిగారు.

4. ఇంతవరకు జరిగినది భూగోళము. ఇక మీదట జరిగినది నా నిర్వాకము.

ఈ సంగతి ముందు అమ్మమ్మ ఒక్కదానికే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. రెండు పటాలూ కలిపి పెద్దగా ప్రింటు తీయించి, చుట్టచుట్టి, పోయిన మే మూడో ఆదివారం పడవలో తీసుకెళ్ళాను. భోజనాల వేళ రెండు దేవదారుల మధ్య దండెం కట్టి బట్టల క్లిప్పులతో తగిలించాను. చప్పట్లు కొడతారనుకున్నాను. అవును, అనుకున్నాను.

"ఏంటే రీవా, ఇక్కడ బట్టలారేస్తున్నావు?" అన్నాడు డోర్సీ మామయ్య. మా అమ్మకి అన్న. అందరూ నవ్వారు.

"మ్యాపు, మామయ్యా."

"మ్యాపెందుకే? పడవ దిగాం, గుట్టెక్కాం, కోడి తింటున్నాం. దారేమన్నా తప్పామా?"

"తప్పాం" అన్నాను.

తర్వాత చెప్పవలసినదంతా చెప్పాను. చేతిలో కర్ర పట్టుకుని, పాఠం చెప్పినట్టు. మా అమ్మ రెండుసార్లు "రీవా, చాల్లే" అంది. నేను ఆపలేదు.

"మరి ఇవి ఎవరివే?" అన్నాడు మామయ్య. నవ్వు పోయింది మొహంలో.

"పై వాగు వాళ్ళవి. ప్రూయిట్లవి."

"అంటే ఇన్నేళ్ళూ మనం ప్రూయిట్ల కాళ్ళ దగ్గర కూచుని తింటున్నామా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మామయ్య నవ్వలేదు. పళ్ళెం కింద పెట్టి లేచాడు. ఆ ఏడు ఆయన తెచ్చిన పూలు మా అత్తయ్య చేసినవి. ఫిబ్రవరిలో పోయింది ఆవిడ. మంచం మీద పడుకుని కూడా కాగితం చుడుతూనే ఉంది.

"ఇవి నా పెళ్ళాం ఆఖరి పూలు. ప్రూయిట్ల కోసం చెయ్యలేదది" అని ఒక్కొక్కటే తీసుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన్ని చూసి ఇంకొకరు లేచారు. వాళ్ళని చూసి ఇంకొకరు. ఎవరి పూలు వాళ్ళు. కాసేపటికి గుట్ట మీద పొద్దున చెక్కిన మట్టి పోగులు తప్ప ఏమీ లేవు. నేను కర్ర పట్టుకుని దండెం పక్కన నిలబడే ఉన్నాను. ఆ మట్టి ఎలా కనిపించిందో రాయడానికి నాకు తమ కార్యాలయపు భాష చాలదు, నా భాషా చాలదు. బట్టలు విప్పేసిన మనుషుల్లా ఉన్నారు వాళ్ళు.

అమ్మమ్మ ఒక్కతే లేవలేదు. చిన్న రాయి దగ్గర, తను హార్ల్ అని ఏటా నీలం పూలు పెట్టే రాయి దగ్గర, మడత కుర్చీలో కూచునే ఉంది. మామయ్య దగ్గరికి వెళ్ళి, "అమ్మా, అవి కూడా ఇలా ఇయ్యి. మన హార్ల్ ఇక్కడ లేడట" అన్నాడు.

"చెయ్యి పెట్టావంటే వేళ్ళు విరగ్గొడతాను" అంది అమ్మమ్మ. అంతే అంది.

5. హాయ్ట్ గారి నివేదికలో "కుటుంబముల మధ్య ఘర్షణ, సమాధులకు నష్టము" అని ఉన్నదని తెలిసినది. ఇందులో సవరణ కోరుచున్నాను. ఘర్షణ జరగలేదు, ఏ రాయీ కదల్లేదు. జరిగింది ఘర్షణ కన్నా పాడు పని. కొట్లాడుకుంటే రెండు వైపులా మనుషులుండాలి. అక్కడ ఒక వైపు వాళ్ళు పడుకుని ఉన్నారు.

తిరుగు పడవలో అందరం ఒళ్ళో పూలు పెట్టుకుని, పెళ్ళి ఆగిపోయిన మగపెళ్ళివారిలా కూచున్నాం. ఆ పూలు ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. సగం దారిలో ఒకరు నీళ్ళలో వదిలేశారు. తర్వాత అందరూ వదిలారు. మైనం పూలు మునగవని ఎవరికీ తట్టలేదు. పడవ వెనకాలే తేలుతూ కొంత దూరం వచ్చాయి.

వారం దాకా అవి తమ రేవుకి కొట్టుకొచ్చాయనీ, స్నానాలకి వచ్చిన వాళ్ళు ఫిర్యాదు చేశారనీ విన్నాను. ఇందుకు క్షమాపణ వేడుచున్నాను.

6. తదుపరి తమ నోటీసు అందినది. దాని సారాంశము: గుట్ట మీది శ్మశానము జూడ్స్ ఫోర్క్ చర్చి వారిది కాదని తేలినందున, "సంబంధము లేని వ్యక్తులకు" పడవ ఇవ్వబడదు, సంబంధిత వారసులు ముందుకు వచ్చినచో పరిశీలింపబడును. జతపరచిన ఆధారము: నా మ్యాపు. హాయ్ట్ గారు దండెం మీద ఉండగా ఫోటో తీశారట. క్లిప్పులు కూడా పడ్డాయి.

అయ్యా, నా మ్యాపులో తప్పు లేదు. కొలతలు సరిగానే ఉన్నాయి. కానీ తొంభై దాటిన మా అమ్మమ్మ ఏటా మోకాళ్ళ మీద కూచుని గడ్డి చెక్కిన రాయికి ఆవిడ "సంబంధము లేని వ్యక్తి" అని నా మ్యాపు ఎక్కడా చెప్పలేదు. నోటీసు ఆవిడకి చదివి వినిపించింది నేనే. చదువొచ్చిన దాన్ని కదా. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి దాటేద్దామనుకున్నాను. "ఆగావేం, చదువు" అంది. చదివాను. "ఊఁ" అని, కాఫీ కప్పు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయింది. చాలాసేపు ఆ ఒక్క కప్పే కడిగింది.

7. సంబంధిత వారసులు ముందుకు రావలెనని తమరు సెలవిచ్చినారు. వారు ఎందుకు ముందుకు రాలేదో కనుక్కొనుటకు కౌంటీ కేంద్రములోని సరుకుల కొట్టుకు వెళ్ళితిని. అక్కడ మాంసం కౌంటరులో ఉండే వర్లీన్ గారు ప్రూయిట్ల ఆడపడుచు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆవిడ చేతి మీదుగానే మాంసం కొంటున్నాం. ఒక్కసారి కూడా ఊరు సంగతి మాట్లాడుకోలేదు.

"హామ్ సన్నంగా కొయ్యనా, మందంగానా?" అంది.

"హామ్ కోసం కాదండీ. ఒక సంగతి చెప్పాలి."

"కింది వాగు వాళ్ళు వచ్చి పై వాగు వాళ్ళకి సంగతి చెప్తారా! ఉండు, చేతులు తుడుచుకోనీ."

చెప్పాను. ఈసారి కర్ర లేదు, మ్యాపు లేదు. ఆవిడ తుడుచుకున్న చేతులే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

"మా నాయనమ్మ పోయేదాకా ఒకటే గోల" అంది చివరికి. "గుట్ట మీద ముళ్ళకంప పెరిగిపోయుంటుంది, మా వాళ్ళ గుండెల మీద దుప్పులు పడుకుంటుంటాయి అని. వెళ్ళి చూద్దామంటే పడవేదీ? శుభ్రంగా ఉందా?"

"ఒక్క గడ్డిపరక ఉండదండీ."

"ప్రతి ఏడూనా?"

"ప్రతి ఏడూ."

"పూలు కూడానా?"

అబద్ధం చెప్పడానికి వీలున్న చోటు అది. చెప్పలేదు. "పెట్టేవాళ్ళం. పోయిన ఏడు మీవని తెలిశాక తీసేశాం" అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూసింది. వెనక ఎవరో తమ వంతు కోసం దగ్గారు. "తెలియనన్నాళ్ళూ పెట్టారన్నమాట" అంది. "తెలిశాక ఒక్క ఏడేగా తీసింది. మీ వాళ్ళకి ఇంకా టైముంది."

తర్వాత నేను అడగకుండానే చెప్పింది. మే నెలలో పడవ వేస్తారన్న సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదట. గుట్టల మీద ఎవరెవరి వాళ్ళున్నారని మొదట్లో తమ కార్యాలయం వారు అడిగినది మా చర్చి పెద్దలను. మా పెద్దలు మా పేర్లు చెప్పారు. పై వాగు ఒకటుందని వారికి గుర్తు రాలేదు, లేదా వచ్చింది. వాళ్ళ పేరు చెప్పని మా వాళ్ళే వెళ్ళి వాళ్ళ సమాధుల మీద దిగారు. ఇందులో తమ కార్యాలయము వారి తప్పు ఏమియును లేదు. అంతా మాదే.

8. ఆఖరు సంగతి. ఇది రాయడానికి అమ్మమ్మ అనుమతి తీసుకున్నాను.

పడవ లేదని తెలిసి కూడా ఈ చలికాలం అమ్మమ్మ కాగితం, తీగ, మైనం తెప్పించుకుంది. వంటింటి బల్ల మీద ముందేసుకుని కూచుంది.

"పడవ లేదు కదా అమ్మమ్మా, ఎవరికే ఈ పూలు?"

"నువ్వు మైనం మాడకుండా చూడు."

"నా వల్లే ఇదంతా. నీకు ముందు చెప్పాల్సింది."

"నాకు చెప్పేదేంటే? నాకు తెలుసు."

నేను గరిట పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"మొదటి పడవ రోజే తెలుసు" అంది పువ్వు చుడుతూనే. "నాకు పదమూడేళ్ళు. పొద్దున మంచులో ఏం కనపళ్ళేదు. మధ్యాహ్నానికి మంచు విడిచింది. తల తిప్పి చూస్తే గాంట్ కొండ నా వీపు వెనక ఉంది. హార్ల్ కాళ్ళవైపు, తూర్పున ఉండాల్సిన కొండ. చూసి నోరు తెరిచాను. ఎదురుగా మా నాన్న. నేను కొండని చూడ్డం ఆయన చూశాడు. ఆయనా కొండని చూశాడు. నా వంక తిరిగి, వద్దన్నట్టు తలూపాడు."

"ఎందుకు?"

"అప్పటికే మా అమ్మ ఆ చిన్న రాయి పట్టుకుని కూచుంది. హార్ల్ పోయిన రోజు ఏడవలేదావిడ. ఇల్లు మునిగిన రోజూ ఏడవలేదు. ఆ రాయి పట్టుకుని ఏడ్చింది. లేచి, అన్నం తిన్నది. నాలుగేళ్ళ తర్వాత కడుపునిండా తిన్నది. ఏమని చెప్పమంటావు?"

"మరి ఆవిడ పోయాకైనా..."

"పోయాక ఆ రాయి నాకొచ్చింది. ఎవరి బిడ్డో గానీ పెంచినట్టే అయింది కదే. వదిలేసి వస్తే ఎవరు చూస్తారు?"

మైనం మాడింది. తిట్టింది.

చిన్నప్పటి నుంచీ పొద్దు పొడుపు కథ ప్రతి చలికాలం ఎందుకు చెప్పేదో నాకు అప్పుడు అర్థమైంది. మాకు తెలియాలని కాదు. ఆ ఒక్క నిజం తను మర్చిపోకుండా ఉండాలని. నేను దాన్ని పట్టుకెళ్ళి దండెం మీద ఆరేశాను.

పై సంగతులన్నియు ఆలోచించి ఈ క్రింది కోరికలు మన్నించవలెను:

మే మూడవ ఆదివారమున పడవను గాంట్ కొండకు తూర్పున ఉన్న ఆ గుట్టకే, ఎప్పటి రేవుకే నడుపవలెను.

ఆ పడవలో మొదటి వరుస బల్లలు ప్రూయిట్ వారికి ఇవ్వవలెను. వర్లీన్ గారి సంతకము ఈ అర్జీ అడుగున కలదు. సంబంధిత వారసురాలు ముందుకు వచ్చినట్లే. ఆమె తన అతిథులుగా మమ్ము వెంటబెట్టుకొని పోవుటకు ఒప్పుకొన్నారు. ఆమె మాటల్లోనే రాస్తున్నాను: "పాపం, ఇన్నేళ్ళుగా వస్తున్నారు, ఇప్పుడు రావద్దంటే ఏం బాగుంటుంది?"

తిరుగు ప్రయాణములో పడవను పడమటి గుట్ట పక్కగా కొంచెము మెల్లగా పోనివ్వవలెను. అక్కడ రేవు లేదు, అమ్మమ్మ ఎక్కలేదు. నీళ్ళ మీద నుంచి ఒకసారి చూస్తుంది. అనుమతి ఇస్తే నేనూ మామయ్యా పారలు పట్టుకుని అక్కడ దిగిపోతాం. ఎలా తిరిగి రావాలో మేం చూసుకుంటాం.

మామయ్య పేరు చూసి తమరికి ఆశ్చర్యం కలగవచ్చు. పోయిన మే నెలాఖరులో తమ రేవులో పూలు ఏరినది తమ సిబ్బంది కాదని హాయ్ట్ గారు మొన్న చెప్పారు. మోకాలి లోతు నీళ్ళలో దిగి సంచీ నింపుకుపోయిన ముసలాయన ఎవరో తనకి అప్పుడు తెలియలేదట. నేను మామయ్య ఇంటికి వెళ్ళి చూశాను. వరండాలో తీగ కట్టి ఆరేసుకున్నాడు. ఎక్కువ భాగం చెడలేదు. "ఏంటి మామయ్యా, బట్టలారేసుకున్నావా?" అన్నాను. "నోర్ముయ్యవే" అన్నాడు. ఆయనకి పడవలో చోటు లేదంటే తన చేపల పడవ వేసుకుని వెనకాలే వస్తాడట. అది ఓటిది. చోటు ఇవ్వడమే మంచిది.

చివరిగా, నోటీసులోని "సంబంధము లేని వ్యక్తులు" అను మాటను కొట్టివేయవలెను. మిగతా వాళ్ళ విషయంలో తమ ఇష్టం, నా విషయంలో అయితే ఉంచినా నేనేమీ అనను. ఒక్క ఓర్లీనా గారి విషయంలో మాత్రం కొట్టివేయవలెను. ఆవిడకి ఇంకో మే నెల వస్తుందని డాక్టరు గారు కూడా చెప్పడం లేదు.

తప్పు మాదని ఒప్పుకొనుచు, తప్పు గుట్టనే కోరుచు వ్రాసుకొన్న ఈ విన్నపమును చిత్తగించి, పడవ విషయమై తమ ఉత్తర్వును మే నెల రాకముందే దయచేయించవలెను.

తమ విధేయురాలు,
రీవా కట్‌షా

అర్జీతో ఏకీభవించుచు: వర్లీన్ ప్రూయిట్

తాజా కలం: సంతకం పెట్టడానికి వర్లీన్ గారు నిన్న మా ఇంటికి వచ్చారు. ఒక ప్రూయిట్ మా వంటింట్లోకి రావడం అదే మొదలు. కుర్చీ ఎక్కడ వెయ్యాలో తెలియక మా అమ్మ మూడు చోట్ల వేసింది. అర్జీ అంతా పైకి చదివాను. అమ్మమ్మ విని, "పడవ పంపమనడానికి ఇంత రాయాలా?" అంది. తర్వాత వర్లీన్ గారి వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

"పెద్ద దేవదారు పక్కన చిన్న రాయి ఉంటుందమ్మా. అదెవరు?"

వర్లీన్ గారు ఆ గుట్ట ఎన్నడూ ఎక్కలేదు. అయినా ఆలోచించలేదు. వాళ్ళ నాయనమ్మ గుట్ట ఎక్కే దారి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క రాయి పేరు వరసగా అప్పజెప్పించేదట, చిన్నప్పుడు. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ దేవదారు దాకా వచ్చింది.

"ఐవీ" అంది. "మా నాయనమ్మ చెల్లెలు. ఆరేళ్ళది. మా నాయనమ్మ తన ఎర్ర రిబ్బను విప్పి దాని జడకి కట్టి పంపిందట."

అమ్మమ్మ చేతిలో ఉన్న నీలం పువ్వు బల్ల మీద పెట్టేసింది.

"ఆడపిల్లా!" అంది. "హార్ల్ చొక్కా నీలమని ఇన్నేళ్ళూ నీలమే పెట్టానే దానికి. ఒక్కసారన్నా నాకు తట్టలేదు చూడు."

అయ్యా, నీలం పూలన్నీ కట్టగట్టి పడమటి గుట్టకని నా చేతికిచ్చేసింది. ఈ పొద్దున్నుంచి ఎర్ర కాగితం కత్తిరిస్తోంది. కత్తెర పట్టు తప్పుతోంది, నన్ను ముట్టుకోనివ్వడం లేదు. పడవ సంగతి ఇంకా తేలలేదని ఆవిడకి చెప్పడం నా వల్ల కాదు. తేలదని చెప్పాలంటే తమరే మా వంటింటికి వచ్చి చెప్పండి. కుర్చీ వేస్తాం.